ముందు సీరియస్ అని చెప్పాలి

మెడికల్ సీటు రాకముందే నేను డాక్టర్నైపోయాను. మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో మా బిల్డింగు లిఫ్టు ఎక్కితే చాలు, ఏ ఫ్లోరు ఆంటీ అయినా సరే మోకాలు చూపించి "రాత్రిళ్ళు ఇక్కడ లాగేస్తోందమ్మా" అనేది. ఇంకా చదువు కాలేదంటే "ఎలాగూ అయ్యేదే కదా" అని నవ్వేది. రెండుసార్లు ఎంట్రన్సు రాసి రెండుసార్లూ బోల్తా కొట్టి, గతిలేక మస్కట్‌లోనే బీయస్సీ చేసి, ఆ తర్వాత మెడిసిన్‌కి ముందు చదివే పీజీ కోర్సు ఒకటి పట్టుకుని వేలాడుతున్నదాన్ని నేను. దాంట్లో మంచి మార్కులొస్తే ఎక్కడో ఓ చోట సీటు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఆ ముక్క మా అమ్మకి కూడా ఎక్కేది కాదు.

ఆ కోర్సు మనుషుల్ని తయారుచేసేదనుకుంటే పొరపాటు. చేరినరోజే మా ప్రొఫెసరు "పక్కవాళ్ళని బాగా చూసుకోండి, ఏడాది చివర్లో వీళ్ళలో సగంమంది కనపడరు" అన్నాడు. మేం నవ్వాం. నిజంగానే చూసుకోవడం మొదలుపెట్టాం, ఎవడు ఎందులో తప్పుతాడా అని. నా పక్కన కూర్చునే అమ్మాయి బయోకెమిస్ట్రీలో పోయినప్పుడు నేను భుజం మీద చెయ్యేసి ఓదార్చాను. లోపల మాత్రం నాకు పండగే.

చదువుతో పాటు సమాజసేవ కూడా చెయ్యాలి, అది కోర్సులో భాగం. సేవకి కూడా మార్కులే. తక్కినవాళ్ళు తెలివైనవాళ్ళు, బీచిలో చెత్త ఏరారు, స్కూళ్ళకి వెళ్ళి పిల్లలకి చేతులు కడుక్కోవడం నేర్పారు. నేను మాత్రం నాన్న మాట విని తెలుగు కూలీలకి సాయం చేసే ఒక చిన్న గుంపులో చేరాను. దాన్ని నడిపేవాయన కరీంనగర్ వైపు మనిషి. మస్కట్‌లోనే మత్రా బజార్లో టైలరింగు షాపు ఉంది. పాతికేళ్ళకి పైగా ఒమన్‌లోనే ఉన్నాడు. అందరికీ ఆయన అన్న, నాకూ అన్నే. నాకు తెలుగు, హిందీ, ఇంగ్లీషు, పని గడిచేంత అరబ్బీ వచ్చు కాబట్టి ఆసుపత్రుల్లో మనవాళ్ళకి డాక్టరు చెప్పేది తెలుగులో చెప్పడం, మనవాళ్ళు చెప్పేది డాక్టరుకి చెప్పడం నా పని. కడప నుంచి ఇళ్ళల్లో పనికొచ్చిన ఆడవాళ్ళు నన్ను చూస్తే చాలు, చెయ్యి వదిలేవాళ్ళు కాదు. నాకు అది బాగుండేది. అబద్ధమెందుకు, చాలా బాగుండేది.

అసలు పని అది కాదని కొన్నాళ్ళకి తెలిసింది. అన్న చేసే సేవలో ఎక్కువ భాగం చచ్చిపోయినవాళ్ళకే. ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక రూమ్ నుంచి ఫోను వస్తుంది. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాడు పొద్దున లేవడు. ఇక పోలీసులు, కంపెనీ, ఎంబసీ, విమానం, పెట్టె. ఇవన్నీ అన్న కళ్ళు మూసుకుని చేసేవాడు. కానీ ఇంటికి కబురు చెప్పడానికి మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గల్ఫులో మనవాళ్ళందరిదీ అదే పద్ధతట. మొదటి ఫోనులో చచ్చిపోయాడని చెప్పకూడదు. సీరియస్‌గా ఉంది, ఆసుపత్రిలో ఉన్నాడు అని చెప్పాలి. మర్నాడు ఐసీయూ అనాలి. ఆ తర్వాత డాక్టర్లు చేతులెత్తేశారు అనాలి. శవం విమానం ఎక్కేటప్పటికి ఇంట్లోవాళ్ళకి మనసు కొంచెం గట్టిపడి ఉంటుంది, అప్పుడు నిజం చెప్పాలి.

"చచ్చినవాణ్ణి మళ్ళీ మళ్ళీ చంపడం కాదా అన్నా ఇది?" అన్నాను వినగానే.

"నువ్వు చిన్నపిల్లవమ్మా," అన్నాడు. "నేను గూడ ఒకపారి ఒకామెకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె ఫోన్ ఇసిరేసి రోడ్డు మీదికి ఉరికింది. లారీ కింద వడ్డది. అప్పటిసంది నాకు బుద్ధొచ్చింది."



కోర్సు చివరి టర్ములో ఉండగా ఒక శుక్రవారం పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. సీబ్ దగ్గర ఒక రూమ్‌లో సెంట్రింగ్ పనిచేసే మనిషి నిద్రలోనే పోయాడు. నిర్మల్ వైపు ఊరు, ముప్ఫై దాటి ఎంతో కాలేదు. మార్చురీలో గుర్తుపట్టడానికి రూమ్‌మేట్ ఒకడు రావాలి, మాట్లాడ్డానికి నేను రావాలి. వెళ్ళాను. ఆ రూమ్‌మేట్ లోపలికి వెళ్ళి మొహం చూసి "ఆయనే" అన్నాడు. బయటికి రాగానే నన్ను అడిగిన మొదటి మాట, "అయిపోయింది గదా మేడం, నేను డ్యూటీకి పోవచ్చునా? ముదీర్ తిడ్తడు." ముదీర్ అంటే వాళ్ళ మేనేజరు. మళ్ళీ వాడితోపాటే రూమ్‌కి వెళ్ళి ఆ మనిషి సామాన్లు తీసుకుందామంటే, అప్పటికే ఆ మంచం మీద ఇంకెవరిదో దుప్పటి పరిచి ఉంది. కిటికీ పక్క మంచం, ఏసీ గాలి సూటిగా తగులుతుంది. ఎన్నాళ్ళ నుంచో దాని మీద ఎవడి కన్నుందో మరి.

సాయంత్రం మత్రాలో అన్న షాపులో కూర్చున్నాం. నిర్మల్‌లో ఉన్న, చనిపోయిన మనిషి తోడబుట్టినవాడికి, ఊళ్ళో పెద్దలకి అన్న అప్పటికే నిజం చెప్పేశాడట. తల్లికీ తెలుసు. చుట్టుపక్కల ఇళ్ళకీ తెలుసు. తెలియనిది ఒక్క భార్యకే. ఆవిడకి మాత్రం సీరియస్ అని చెప్పారు. ఆవిడ నమ్మడం లేదు. డాక్టరుతో మాట్లాడితే గానీ అన్నం ముట్టనని కూర్చుంది.

అన్న నా వైపు చూశాడు. "నువ్వు డాక్టరమ్మవే గదా."

"నేనెక్కడి డాక్టర్నన్నా? నీకు పుణ్యముంటుంది, నన్ను దీంట్లోకి లాగకు."

"ఆడమనిషి గొంతు ఇంటె ఆమెకు నెమ్మదైతది. రెండు ముక్కలు చెప్పు, చాలు. ఆమె అన్నం తింటది."

నా ఫోనులోంచే నంబరు కలిపి చేతిలో పెట్టేశాడు. అవతల గొంతు నేననుకున్నంత పెద్దది కాదు. "డాక్టరమ్మా, నేను ఆయన భార్యను. ఎట్లున్నడు? కండ్లు తెరిసిండా?" అంది.

నాకు చెప్పడం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బీపీ బాగా పడిపోయింది అన్నాను. మందులు ఎక్కిస్తున్నాం అన్నాను. శ్వాసకి మెషిన్ పెట్టాం, అందుకని మాట్లాడలేడు, ఐసీయూలో వీడియో తియ్యనివ్వరు అన్నాను. చదివినదంతా వరసగా నోటికొచ్చేసింది, పరీక్షలో కూడా అంత బాగా రాయలేదు. ఆవిడ ప్రతిదానికీ "ఆఁ, ఆఁ" అంటూ విని, "మందు వనిజేస్తె లేస్తడు గదా?" అని అడిగింది. "చూద్దాం అక్కా" అన్నాను. "నీ కాల్మొక్త, మంచిగ సూడమ్మా" అని పెట్టేసింది. ఆ పూట అన్నం తిందని ఊరి నుంచి అన్నకి ఫోన్ వచ్చింది. అన్న నాకు సులేమానీ టీ తెప్పించాడు, నిమ్మకాయ పిండి మరీ ఇచ్చాడు. నేను తాగాను కూడా.

ఆదివారం, అక్కడ పనిదినమే, కాలేజీలో ఉన్నాను. మధ్యాహ్నం క్లాసుకి ముందు వరండాలో నిలబడి ఉండగా ఇండియా నంబరు నుంచి ఫోను. ఆవిడే. అన్న కాల్ చేసింది నా ఫోనులోంచే కదా, నంబరు దాచుకుంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, వెనక నీళ్ళు పడుతున్న చప్పుడు.

"డాక్టరమ్మా, బాత్రూంల గూసోని మాట్లాడుతున్న. నా ఫోన్ మా బావ తీస్కున్నడు. ఇది పక్కింటామెది."

"ఏమైందక్కా?"

"ఏమైందో నువ్వే చెప్పాలె. పొద్దుగాలసంది ఊరోళ్ళంత వస్తున్నరు. వచ్చి నా బొట్టు దిక్కు, నా గాజుల దిక్కు సూస్తున్నరు. మా అత్త నా మొకం సూస్తలేదు. ముసలోళ్ళు ఊకె కండ్లు తుడుసుకుంటున్నరు. ఆస్పత్రిల ఉన్నోని కోసం గింత ఏడుస్తరా?"

ఊరు ఊరంతా చుట్టూ చేరి ఒక మనిషిని అలా చూస్తూ కూర్చున్నారు. ఇంకా పడని దెబ్బకి ముందే జాలి పడుతున్నారు. వాళ్ళని తిట్టడానికి నాకేం హక్కుంది, వాళ్ళ కంటే ముందు వరసలో నేనే ఉన్నాను.

ఆవిడ ఆగలేదు. "నీకొకటి చెప్త, ఎవ్వలికి చెప్పకు. ఆయన పండుకునే ముంగట నాకు ఫోన్ జేసిండు. ఈపారి గూడ వస్తలేను, కంపెనీ ఛుట్టీ ఇయ్యలేదన్నడు. మూడేండ్లాయె, పిల్ల తండ్రి మొకం మర్శిపోయింది. నాకు కోపమొచ్చింది. రాకు, ఆణ్నే సావు అన్న. ఫోన్ పెట్టేసిన. మల్ల రెండు సార్లు జేసిండు, నేను ఎత్తలే." కుళాయి ఇంకొంచెం ఎక్కువగా తిప్పినట్టుంది. "ఉత్తగ అన్న డాక్టరమ్మా. సావాల్నని ఎవలంటరు? కోపంల అన్న. ఆయనకు ఇనవడ్తదంటవా?"

క్లాసుకి వెళ్ళేవాళ్ళకి అడ్డం లేకుండా గోడవారకి జరిగాను.

"మా పక్కింటామె చెప్పింది, తెలివి లేకున్నగని చెవులు ఇనవడ్తయంట. నువ్వు ఫోన్ ఆయన చెవు కాడ పెట్టు. ఒక్క నిమిషం. నేను గా మాట వాపస్ తీస్కుంట. ఆయన ఇన్నంక ఏమన్న గాని. నీకు దండం పెడ్త, నా మాట మీన ఆయన పోవద్దు."

ఆవిడకి కావలసింది అది ఒక్కటే. ఆయన బతకడం కూడా కాదు. ఆ మాట వెనక్కి తీసుకోవడం.

మా కోర్సులో అంతకు ముందు వారమే చెడ్డ కబురు ఎలా చెప్పాలో నేర్పారు. ముందు వాళ్ళకి ఎంత తెలుసో కనుక్కోవాలి. పక్కన ఎవరున్నారో అడగాలి. ఆ తర్వాత చుట్టూ తిప్పకుండా చెప్పాలి. వెళ్ళిపోయారు, లేరు, దేవుడి దగ్గరికి చేరారు లాంటి మాటలు వాడకూడదు. చనిపోయారు అనే అనాలి, లేకపోతే వినేవాళ్ళు ఆశ వదలరు. తర్వాత మాట్లాడకుండా ఆగాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చు.

"పక్కన ఎవరైనా ఉన్నారా అక్కా?" అన్నాను.

"ఎవ్వలు లేరు. ఉంటె మాట్లాడనిస్తరా?"

"అక్కా, ఆయన శుక్రవారం తెల్లవారకముందే చనిపోయారు. నిద్రలోనే పోయారు. ఆసుపత్రికి తెచ్చేటప్పటికే ప్రాణం లేదు. నేను మీతో మాట్లాడినప్పటికి ఆయన లేరు."

తర్వాత మాట్లాడకుండా ఆగాను. అటువైపు ఏడుపు లేదు, కేక లేదు. కుళాయి నీళ్ళు బకెట్టు నిండి కింద పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. అక్కా అక్కా అని పిలిచాను. ఎవరో తలుపు కొట్టడం, ఫోను నేల మీద పడ్డం వినిపించి లైను తెగిపోయింది. క్లాసు మొదలైపోయింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. మూత్రపిండాల మీద పాఠం.

సాయంత్రం అన్న మా ఇంటికే వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాని మనిషి, హాలు మధ్య నిలబడి నన్ను పిలిచాడు. ఆవిడ గడియ తియ్యకపోతే తలుపు పగలగొట్టారట. గాజులన్నీ తనే గోడకేసి కొట్టుకుంది, చేతులు కోసుకుపోయాయి. ప్రాణానికేం భయం లేదు.

"నీ కడుపు సల్లవడ్డదా?" అన్నాడు. "శవం ఇంక ఇక్కణ్నే ఉన్నది. వారమో పది దినాలో పడ్తది. అన్ని దినాలు ఆ పిల్ల శవం కోసం ఎదురుసూడాలె. గందుకే గదా మేము చెప్పంది! నువ్వేందో పెద్ద సత్తెకాలపుదానివి!"

"మరి ఊరంతటికీ ఎందుకు చెప్పారు? అందరికీ తెలిసి ఆవిడొక్కదానికీ తెలియకపోవడమేంటి? ఆవిడేమైనా మీకు ఆటబొమ్మా?" నేనూ అరిచాను.

"ఆమె ఏడిస్తె పట్టుకునేటోళ్ళకు ముంగట తెల్వాలె. నువ్వు పట్టుకుంటివా? మస్కట్ల గూసోని పట్టుకుంటివా?"

అమ్మ మధ్యలోకొచ్చింది. "ఊరుకోవే, పెద్దాయన. బాబూ, మీరు కూర్చోండి, చిన్నపిల్ల, తెలీక అనేసింది."

"తెలిసే అన్నానమ్మా," అన్నాను. అన్న కూర్చోలేదు. ఇక నన్ను రావద్దని చెప్పి వెళ్ళిపోయాడు. అయితే కోర్సుకి కావలసిన సేవ చేశానని మాత్రం కాలేజీకి చెప్పాడు, ఆ విషయంలో ఆయన దొడ్డమనిషే. నేనాయన మీద కోపంతో వారం రోజులు ఊగిపోయాను. నేను చేసింది తప్పని అప్పుడనుకోలేదు. ఇప్పుడు కూడా చెంపలేసుకోవడానికి ఇది రాయడం లేదు. నిజం ఆవిడ సొత్తు, ఆవిడకిచ్చాను. అలాగే అనుకున్నాను.

కోర్సు చివరి పరీక్షల్లో ఒకటి మాటల పరీక్ష. ఒక గదిలో కూర్చోబెడతారు, నటించడానికి ఒక మనిషిని పిలుస్తారు, ఆ మనిషికి మనం కబురు చెప్పాలి. కావాలని పెట్టారా అన్నట్టు నాకు అదే తగిలింది, భర్త పోయిన భార్య. నటించిందొక ఫిలిప్పీన్స్ ఆవిడ. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ఎంత తెలుసో అడిగాను. చనిపోయారు అన్న మాటే వాడాను. ఆగాను. ఆవిడ భలే ఏడ్చింది, నిజం కన్నీళ్ళు. టిష్యూ అందించాను. గంట మోగగానే కళ్ళు తుడుచుకుని, క్యాంటీన్ ఏ వైపు అని నన్నే అడిగింది. ఆ పరీక్షలో నాకు క్లాసు మొత్తం మీద ఎక్కువ మార్కులొచ్చాయి. నేను ఆగిన తీరు చాలా బాగుందని ప్రొఫెసరు అందరి ముందూ చెప్పాడు. బయోకెమిస్ట్రీలో పోయిన అమ్మాయి అప్పటికి క్లాసులో లేదు.

సీటు కూడా వచ్చింది. వచ్చిన శుక్రవారం అమ్మ పూర్ణాలు వండి బిల్డింగంతా పంచింది. హాలు నిండా జనం. నాన్న ఫోను చెవి నుంచి దించడం లేదు, రాజమండ్రిలో ఎవరెవరికో చెబుతున్నాడు. ఆ సందడిలో నా ఫోను మోగింది. ఇండియా నంబరు. ఎవరో చుట్టాలు శుభాకాంక్షలు చెప్తారనుకుని ఎత్తాను.

"డాక్టరమ్మనా?"

గొంతు గుర్తుపట్టాను. వంటింటి వెనక బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బట్టలారేసే తీగ కింద నిలబడ్డాను.

"అక్కా, ఎలా ఉన్నారు?"

"అక్క అనకు." కోపం లేదు ఆ గొంతులో, నీరసంగా ఉంది. "పెట్టెల వచ్చిండు. మొకం సూడనియ్యలే, పాడైందన్నరు. దినాలన్ని అయిపోయినయి. అందరు ఎవలిండ్లకు వాళ్ళు పోయిన్రు. నిన్నొక్కటి అడగాల్నని జేసిన."

"అడగండి."

"ఆ దినం ఫోన్ చెవు కాడ పెట్టు అన్న గదా. పెట్టిన, మాట్లాడు అంటె నీకేం పోవు?"

"ఆయన అప్పటికే లేరు కదా. మీకు అబద్ధం ఎలా చెప్పను?"

"మొదటి దినం చెప్పలేదా?" అంది. "బీపీ అంటివి. మందు ఎక్కిస్తున్నం అంటివి. మిషిన్ పెట్టినం అంటివి. గన్ని చెప్పినదానివి, గదొక్కటి నీ నోటికి రాలేదా? అందరు నాకు అబద్ధమే చెప్పిన్రు. మా బావ చెప్పిండు, మా అత్త చెప్పింది, ఆ టైలరాయన చెప్పిండు. గవన్ని వాళ్ళకు పనికొచ్చేటియి. నాకు పనికొచ్చే అబద్ధం ఒక్కటంటె ఒక్కటుండె. గాడికొచ్చేసరికి నీకు నిజం యాదికొచ్చింది."

హాల్లోంచి అమ్మ నన్ను పిలిచింది. బాల్కనీ తలుపుకి గడియ పెట్టాను.

"నువ్వు ఫోన్ ఉత్తగ చేతుల పట్టుకోని నిలవడ్డా నాకు తెల్వకపోవు," అంది. "నేను చెప్పుకుందును. ఇన్నడు అనుకుందును. గది పట్టుకోని ఎట్లన్న బత్కుదును. ఇప్పుడు పండుకుంటె ఆయన రెండు సార్లు ఫోన్ జేసుడే యాదికొస్తది."

అవతల పిల్ల ఏదో అడుగుతోంది, ఆవిడ ఉండవే అంటోంది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఏం చెయ్యాలో తెలియక, నాకు చేతనైంది అదొక్కటే కాబట్టి, అన్నాను. "ఆయనతో ఏం చెప్పాలనుకున్నారో ఇప్పుడు చెప్పండి. నేను వింటాను."

పిల్లని అవతలికి పంపిన చప్పుడు వినిపించింది.

"నీకెందుకు చెప్త?" అంది. "నేను సావుమన్నది నిన్నా?"

ఫోను పెట్టేసింది.